తొలిబంతిలో చివరి వరుస

పాస్తా అయిపోయిందని చెప్పడానికి వడ్డించే ఆవిడ నా సీటు పక్కన ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుంది. చేతిలో చిన్న కాగితం. దాని మీద సీట్ల నంబర్లు, ఒక్కో నంబరు పక్కన పెన్నుతో పెట్టిన గుర్తు. నా నంబరు పక్కన ఇంకా ఏ గుర్తూ లేదు. "మాంసం ఒక్కటే మిగిలిందండీ, క్షమించండి" అంది.

నెవార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం అది. ఆరు గంటలు పడుతుంది. నా మోకాళ్ల నొప్పులు చూసి మా అమ్మాయి పట్టుబట్టి ఫస్ట్ క్లాస్ టికెట్ కొంది. ముందు భాగంలో అయిదు వరుసలు, ఇరవై సీట్లు. నాది అయిదో వరుస. నా వెనకే పరదా.

నేను మాంసం తినను. నోరు విప్పకముందే ఆవిడకు ఆ సంగతి అర్థమైంది. సలాడ్, రొట్టె, చీజ్, పళ్లు కలిపి ఒక పళ్లెం సర్ది తెస్తానంది. సరేనన్నాను. కాసేపటికి తెల్లటి గుడ్డ పరిచిన ట్రే వచ్చింది. బొటనవేలంత ఉప్పు డబ్బీ, అంతే ఉన్న మిరియాల డబ్బీ, వెచ్చటి రొట్టె, రెండు చీజ్ ముక్కలు, గుప్పెడు ద్రాక్షపళ్లు. పళ్లెంలో ఖాళీ కనబడకుండా ఆవిడ సలాడ్ ఆకుల్ని విప్పి పరిచింది. ఆ పరచడంలో శ్రద్ధ ఉంది. నాకు కడుపు నిండింది కూడా.

అయినా మనసు చివుక్కుమంది. పొద్దున అమ్మాయి పెట్టిన ఇడ్లీలు ఇంకా అరగలేదు, కాబట్టి ఆకలి అనలేను. పాస్తా అంటే ప్రాణం పెట్టే మనిషినీ కాను. మరి ఏం పోయింది? ముందు నాలుగు వరుసల్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి "ఏం తీసుకుంటారు?" అని అడిగిన మనిషి నా దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అడగలేకపోయింది. నాకు దక్కకుండా పోయింది ఆ ప్రశ్నే. తిండి కంటే ముందు వచ్చే ఆ ఒక్క ప్రశ్న కోసం మనిషి ఎందుకంతగా ఎదురుచూస్తాడు? డబ్బు కట్టి మరీ ఎందుకు ఎదురుచూస్తాడు? అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

అమెరికాలో దేశం లోపల తిరిగే విమానాల్లో ఫస్ట్ క్లాస్ అంటే, సముద్రాలు దాటే విమానాల్లో ఉండే పడకలూ దుప్పట్లూ గుర్తు చేసుకోకూడదు. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి పోయే కొన్నిటిని మినహాయిస్తే, అక్కడ దొరికేది కాస్త వెడల్పాటి కుర్చీ, కాళ్లు చాపుకునే చోటు, ఒక భోజనం. కుర్చీ ఎక్కి కూర్చున్నాక పది నిమిషాల్లో అలవాటైపోతుంది. ఇక మిగిలిన మర్యాదంతా ఆ భోజనం మీదికే వచ్చిపడుతుంది.

ఆ భోజనానికో లెక్క ఉంది. పెద్ద సంస్థలు దూరాన్ని బట్టి గీత గీస్తాయి. ఆ గీత చాలాచోట్ల 900 మైళ్లకు అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. డల్లాస్ నుంచి షికాగో 800 మైళ్లు. ఆ గీత ప్రకారం ఆ విమానంలో ఎంత ముందు కూర్చున్నా చిప్స్, బిస్కెట్లు ఉన్న బుట్టే ఎదురుగా వస్తుంది. డల్లాస్ నుంచి నెవార్క్ దాదాపు 1,370 మైళ్లు, కనుక భోజనం. దూరం ఒక్కటే చూడరు, బయల్దేరే వేళ కూడా చూస్తారు. రాత్రి పది దాటాక లేచి తెల్లారేసరికి అవతలి తీరం చేరే విమానాల్లో, ఎన్ని వేల మైళ్లయినా, చాలాసార్లు చిరుతిండితో సరి.

మన దగ్గర లెక్క వేరు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,250 కిలోమీటర్లు, అంటే దాదాపు 780 మైళ్లు. అమెరికా గీత పెట్టి కొలిస్తే అది భోజనానికి అందని దూరం. అదే దూరానికి ఎయిరిండియాలో వెనక సీట్లవాళ్లకు కూడా వేడి భోజనం పెడతారు. రెండు గంటల్లో నూటయాభై మందికి పైగా పెట్టి, తీసి, తుడిచి, మళ్లీ కుర్చీలు నిటారు చేయించాలి. అక్కడ ముందు కూర్చున్నవాళ్లకు దక్కనిది ఇక్కడ వెనకవాళ్లకు దక్కుతోంది. అంటే, ఇంత దూరానికి ఇంత మర్యాద న్యాయమని చెప్పే తూకం లోకంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా అలవాటు. నిన్న పెట్టారు కనుక ఇవాళా పెట్టాలి. పక్కవాళ్లకు పెట్టారు కనుక నాకూ పెట్టాలి. మనం హక్కులనుకునే వాటిలో ఎన్ని ఇలా పుట్టాయో వెతికి చూసుకుంటే తెలుస్తుంది.

ఎయిరిండియా గురించే ఇంకో మాట. 2017 జులైలో ఆ సంస్థ దేశం లోపలి విమానాల్లో ఎకానమీవాళ్లకు మాంసాహారం పెట్టడం మానేసింది. ఖర్చు తగ్గించడానికీ, వృథా తగ్గించడానికీ అని కారణం చెప్పారు. బిజినెస్ క్లాసులో మాత్రం అది కొనసాగింది. నేను శాకాహారిని, ఆ నిర్ణయం వల్ల నా పళ్లెంలో ఏమీ మారలేదు. అయినా అది నాకు మింగుడుపడలేదు. కోడికూర తినే అలవాటు ముందు సీట్లో ఉంటే దాన్ని ఇష్టం అంటారు, వెనక సీట్లో ఉంటే ఖర్చు అంటారు. "ఏం తీసుకుంటారు?" అన్న ప్రశ్నను వెనకవాళ్ల దగ్గర సగానికి కోసేశారు. నెవార్క్ విమానంలో నా మనసు చివుక్కుమన్నది ఒక్కసారే. వెనకవాళ్లకు కొన్నేళ్లపాటు అది పద్ధతే అయింది.

పోనీ ఆ తిండి అంత రుచిగా ఉంటుందా అంటే, ఉండే అవకాశమే తక్కువ. నేల మీద వండి, చల్లబరిచి, ట్రాలీల్లో సర్ది, విమానంలోకి ఎక్కించి, పైకి పోయాక అక్కడి ఒవెన్లలో మళ్లీ వేడి చేసి ఇస్తారు. తినేవాళ్ల నాలుక కూడా ఆ ఎత్తులో మామూలుగా ఉండదు. విమానం ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలిని ఆరేడు వేల అడుగుల ఎత్తులో ఉండే గాలితో సమానంగా ఉంచుతారు. ఇంచుమించు ఊటీలో కూర్చుని తింటున్నట్టు. కాకపోతే ఊటీలో ఉండే తేమ అక్కడ ఉండదు. గాలిలో తేమ ఇరవై శాతం కన్నా తక్కువ. ముక్కు ఎండిపోతుంది, ముక్కు ఎండితే వాసన అందదు, వాసన అందకపోతే రుచి సగం పోయినట్టే. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం 2010 ప్రాంతంలో దీన్ని పరీక్షించి చూసింది. విమానం లోపల ఉండే ఒత్తిడినీ పొడిగాలినీ నేల మీదే తెప్పించి మనుషులకు తిండి పెట్టి చూస్తే, ఉప్పూ తీపీ బాగా తగ్గినట్టు తోచాయట. నేల మీద అంతగా అడగని టమాటా రసాన్ని విమానమెక్కాక జనం ఎందుకంత ఇష్టంగా అడుగుతారో కూడా అలా తేలింది. టమాటాలో ఉండే కమ్మదనం మాత్రం ఆ ఎత్తులోనూ నిలబడుతుంది. ఇంజన్ల మోతకు తీపి తగ్గినట్టు, ఈ కమ్మదనం పెరిగినట్టు అనిపిస్తుందని అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్లు 2015లో చూపించారు.

కనుక ఆ పళ్లెం నుంచి ఎవరూ రుచి ఆశించరు. తరచూ తిరిగేవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. అయినా ట్రే రాకపోతే, వచ్చిన ట్రేలో తాము చెప్పింది లేకపోతే, వాళ్లకే అందరికంటే ఎక్కువ కోపం వస్తుంది.

ఈ ఆశను ఎవరు నేర్పారో తెలుసుకోవాలనిపించి కొంత చదివాను. విమానంలో తిండి అమ్మడం 1919 అక్టోబరు 11న మొదలైందంటారు. హ్యాండ్లీ పేజ్ అనే సంస్థ లండన్ నుంచి ప్యారిస్ వెళ్లేవాళ్లకు ఒక పెట్టెలో మధ్యాహ్న భోజనం సర్ది మూడు షిల్లింగులకు ఇచ్చింది. కావలసినవాళ్లు కొనుక్కున్నారు, అంతే. అందులో మర్యాద ప్రసక్తి లేదు. మర్యాద ఎక్కడ మొదలైందంటే, ధర మీద పోటీ లేని చోట. అమెరికాలో 1938 నుంచి 1978 దాకా టికెట్ ధర ఎంతో ప్రభుత్వ బోర్డు ఒప్పుకోవాలి. ఎవరి విమానమెక్కినా ధర ఒకటే అయినప్పుడు, మా విమానమే ఎక్కండని పిలవడానికి మిగిలింది పళ్లెం, పలకరింపు. వేయించిన మాంసాన్ని సీట్ల మధ్యకు తెచ్చి అక్కడే కోసి వడ్డించేవారు. 1970ల మొదట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన జంబో విమానాల్లో, అదీ వెనకవాళ్ల కోసం, పియానో కూడా పెట్టింది. అట్లాంటిక్ మీద అయితే 1958లో శాండ్‌విచ్ గురించి తగాదా జరిగింది. తక్కువ ధర టికెట్లవాళ్లకు శాండ్‌విచ్ తప్ప ఇంకేం పెట్టకూడదని సంస్థలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. స్కాండినేవియా సంస్థ ఒకటి పైన రొట్టె లేకుండా, మీద రకరకాలు పేర్చి, పళ్లెం నిండే శాండ్‌విచ్ పెట్టిందని మిగతావాళ్లు ఫిర్యాదు చేశారు. పేదవాళ్ల విస్తట్లో ఎక్కువ పడిందని ఫిర్యాదు! తోటి మనిషికి ఏం పెట్టకూడదో పెద్దలు కూర్చుని రాసుకున్న ఆ కాగితం గురించి చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు బాగుండలేదు.

1978 అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ధరల కట్టడి సడలడం మొదలైంది. ధరలు దిగాయి. వెనక సీట్ల భోజనం ఒక్కొక్కటిగా మాయమైంది. ముందు సీట్ల భోజనం కూడా లెక్కల్లోకి వచ్చింది. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ ఫస్ట్ క్లాస్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ పండు తీయించేసి ఏడాదికి నలభై వేల డాలర్లు మిగిల్చాడని ఇప్పటికీ వ్యాపార పాఠాల్లో చెప్పుకుంటారు. ఆ ఒక్క పండు తగ్గిన సంగతి తినేవాళ్లు గమనించలేదంటారు. మన దేశంలో 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టినప్పుడు ఉచిత భోజనం అన్న మాటే తీసేశాడు. తిండి ఖర్చు తీసేస్తే టికెట్ దిగుతుంది, టికెట్ దిగితే ఎన్నడూ విమానం ఎక్కనివాళ్లు ఎక్కుతారు.

ఇక్కడ నేను తేలిగ్గా తేల్చుకోలేకపోతున్నాను. అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఉద్యోగాల కోసం డల్లాస్ నుంచి సియాటిల్‌కీ, సియాటిల్ నుంచి న్యూజెర్సీకీ చవక టికెట్ మీద తిరుగుతారు. సంచిలో పెరుగన్నం డబ్బా పెట్టుకుని మరీ ఎక్కుతారు. 1970లనాటి ధరలే ఉంటే వాళ్లలో సగం మంది బస్సుల్లో రెండేసి రోజులు ప్రయాణం చేసేవాళ్లు. విమానంలో పళ్లెం పోవడం వల్ల వాళ్లకు చోటు దొరికింది. కొద్దిమందికి కమ్మగా పెట్టడమా, ఎక్కువమందిని ఎక్కనివ్వడమా అని అడిగితే, నేను ఎక్కనివ్వడమే అంటాను. మరి అలా అనే మనిషి ఒక పాస్తా గిన్నె దగ్గర ఎందుకు కుంగింది? నా నోటిమాట ఒకటి, నా మనసు అడిగేది ఒకటి. రెండూ అబద్ధాలు కావు. మనిషికి చోటు కావాలి, చోటు దొరికాక పలకరింపు కావాలి. మొదటిది దొరికింది కదా అని రెండోదాన్ని అడగొద్దనే అధికారం ఎవరికీ లేదు.

మాది గోదావరి పక్క పల్లె. నా చిన్నప్పుడు పెళ్లంటే బంతి భోజనాలే. పందిరి కింద రెండు వరసలుగా అరిటాకులు పరిచేవారు. తొలిబంతిలో మగపెళ్లివారు, ఊరి పెద్దలు. తర్వాతి బంతుల్లో బంధువులు, పిల్లలు. కడబంతి అయ్యేసరికి సాయంత్రం నాలుగు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని అందరూ అనే మాటలో ఉన్న భయం అప్పుడు నాకు తెలియదు. కడబంతిలో మనకు మిగలదేమోనన్న భయం ఎన్ని తరాలది అయితే అది సామెతగా మారి ఉంటుంది!

మా పెద్దనాన్న కూతురి పెళ్లిలో కడబంతికి బూరెలు అయిపోయాయి. ఆకుల్లో పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పులిహోర వడ్డించేశారు. బూరెల గంప రాలేదు. అప్పుడు మా పెద్దనాన్న స్వయంగా వచ్చాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఉత్తరీయం నడుముకు చుట్టుకుని, బంతి మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క ఆకు ముందూ ఆగి, "బూరెలు అయిపోయాయమ్మా, తప్పు నాది. పాయసం మారు వేయించుకోండి" అని చేతులు జోడించాడు. ఎనిమిదేళ్ల పిల్లని, నా ఆకు ముందూ ఆగాడు. నాకూ చేతులు జోడించాడు. బూరె దొరకలేదన్న ఏడుపు నాకు అక్కడే ఆగిపోయింది.

అయిదో వరుసలో సలాడ్ ఆకులు తింటూ నేను తలుచుకున్నది ఆ చేతుల్ని. ఇంటికి పిలిచి పెట్టే భోజనంలో తక్కువైతే జవాబు చెప్పడానికి ఇంటాయన ఉంటాడు. విమానంలో ఇంటాయన లేడు. ఇరవై మందికి పాస్తాలు ఎన్ని, మాంసాలు ఎన్ని అని లెక్క కట్టిన మనిషి ఎక్కడో ఒక నగరంలో ఒక గదిలో ఉంటాడు. ఆ మనిషి నా ముందుకు ఎప్పటికీ రాడు. అతని తరఫున మోకాలు వంచింది వడ్డించే మనిషి. లెక్క ఆవిడది కాదు, వంట ఆవిడది కాదు, తప్పు ఆవిడది కాదు, క్షమాపణ మాత్రం ఆవిడది. సంస్థలు ఈమధ్య ప్రయాణికుల్ని అతిథులు అంటున్నాయి. అతిథి అన్నప్పుడు ఎదుట ఒక గృహస్థు ఉండాలి కదా. డబ్బు తీసుకుని అతిథిని చేసి, ఎదుట గృహస్థు లేకుండా చేస్తే, ఆ అతిథి కోపం ఎవరి మీద పడుతుంది? చేతికందిన మనిషి మీద. ఫస్ట్ క్లాస్ భోజనం దగ్గర జరిగే గొడవలన్నిట్లోనూ నాకు కనిపించే అన్యాయం ఇదే. ఆశ పెట్టుకోవడం తప్పు కాదు, డబ్బు తీసుకుని మాట ఇచ్చినవాళ్లు నిలబెట్టుకోవాలి. అడగాల్సిన చోట అడగాలి, రాతలో అడగాలి, గట్టిగా అడగాలి. ఆ చోటు మాత్రం నా సీటు పక్కన నేల మీద ఆనిన ఆ మోకాలు కాదు.

అలాగని బంతి భోజనాన్ని నేను నెత్తిన పెట్టుకోలేను. అన్ని బంతులూ లేచాక, ఎంగిలాకులు ఎత్తాక, మా అమ్మ, పెద్దమ్మ, మేనత్తలు వంటింట్లో కూర్చునేవారు. కూర అడుగంటి ఉండేది, పప్పు చల్లారి గట్టిపడేది. అందరికీ మారు అడిగిన మా అమ్మను మారు అడిగేవాళ్లు లేరు. అమ్మా, నువ్వు తిన్నావా అని నేను అడిగిన గుర్తు కూడా నాకు లేదు. ఇక డప్పు కొట్టినవాళ్లూ, పందిరి గుంజలు మోసినవాళ్లూ ఏ బంతిలోనూ లేరు. వాళ్లకు దొడ్డివైపు, చీకటి పడ్డాక. తొలిబంతికీ కడబంతికీ మధ్య తేడాను మేం తలుచుకుని బాధపడేవాళ్లం. బంతికీ దొడ్డికీ మధ్య తేడా మా కంట పడేది కాదు.

అందుకే ముదునూరులోనూ, తర్వాత విజయవాడలోనూ నాస్తిక కేంద్రం పెట్టిన గోరా అన్ని కులాలవాళ్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టినప్పుడు అంత గొడవైంది. అక్కడ వంటకం ముఖ్యం కాదు, పక్క ఆకు ఎవరిదన్నదే ముఖ్యం. అంతకు ముందే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ గోదావరి దాటి వచ్చినవాళ్లకు కూడా పొయ్యి వెలిగించి పెట్టారు. ఎవరు, ఎక్కడి నుంచి అని అడగకుండా పెట్టారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఇంటి ముందు ఏ గీతా లేదు, ఇన్ని మైళ్లు నడిచివస్తేనే భోజనమన్న లెక్కా లేదు.

విమానంలో బంతుల గురించి నాకు బాగా నచ్చిన ఒక సంగతి ఉంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఫస్ట్ క్లాసులో చాలాకాలం ఒక పద్ధతి నడిచింది. విమానం నంబరు సరిసంఖ్య అయితే ఏం తింటారని అడగడం ముందు వరుస నుంచి మొదలుపెట్టేవారు, బేసిసంఖ్య అయితే చివరి వరుస నుంచి. ఎంత చిన్న ఉపాయం! కడబంతి ఎప్పుడూ ఒకే మనుషుల మీద పడకుండా ఒక అంకె చూసుకుంది. తర్వాత తర్వాత పలు సంస్థల్లో ఎక్కువసార్లు తిరిగేవాళ్లనూ, ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లనూ ముందు అడగడం వచ్చింది. ఇప్పుడు చాలామంది ముందురోజే ఫోన్లో ఎంచుకుంటున్నారు. ఆ సదుపాయం ఉందని నాకు తెలియదు, అమ్మాయికి తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పేసుకున్నాక మిగిలిన దాంట్లోంచి తెలియనివాళ్లను అడుగుతారు. తెలియనితనానికి మన లోకంలో ఎప్పుడూ చివరి వరుసే.

ఇక నా వెనక ఉన్న పరదా. 2016లో కేథరిన్ డిసెల్స్, మైకేల్ నార్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద విమాన సంస్థ రికార్డులు చూసి ఒక మాట చెప్పారు. ఫస్ట్ క్లాస్ ఉన్న విమానాల్లో, అది లేని విమానాల కంటే, వెనక సీట్లలో గొడవలు జరిగే అవకాశం దాదాపు నాలుగింతలు. వెనకవాళ్లను ముందు సీట్ల మధ్య నుంచి నడిపించి ఎక్కిస్తే అది ఇంకా పెరుగుతుంది. అలా నడిపించినప్పుడు ముందు కూర్చున్నవాళ్లలో కూడా గొడవలు పెరుగుతాయట. ఆ లెక్కల మీద అభ్యంతరాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. లెక్క ఎంతైనా, చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. తక్కువైనవాళ్లకు మండడం అర్థమవుతుంది. ఎక్కువ దక్కినవాళ్లు కూడా, తక్కువ దక్కినవాళ్లు తమను దాటిపోవడం చూశాక, ఎందుకు అదుపు తప్పుతారు? తమకు దక్కింది పక్కవాళ్లకు దక్కకపోవడంలోనే ఉందని కళ్లారా చూశాక, ఇక దాన్ని అణువంత కూడా పోనివ్వలేరేమో. నాకు కలిగిన చివుక్కులో ఇది కూడా కొంత ఉందని తోచి భయం వేసింది. పరదా వెనక నూటయాభై మంది దాకా ఉన్నారు. వాళ్లను ఎవరూ ఏం తింటారని అడగలేదు. వాళ్లను తలుచుకుని నేను బాధపడలేదు. ముందు నాలుగు వరుసల్ని చూసి బాధపడ్డాను.

ట్రేలు తీసేశారు. లోపలి దీపాలు తగ్గించారు. కింద కొండలు, వాటి మీద అక్కడక్కడా మంచు. నా పక్క సీటాయన ఆవలి కిటికీలోకి చూస్తూ ఉన్నాడు. గొంతు ఎండిపోయి నీళ్ల కోసం లేచాను. ముందువైపు, పైలట్ల గది పక్కన, మనిషి తిరగడానికి కూడా కష్టమైనంత చోటు. అక్కడే ఒవెన్లు, అక్కడే కాఫీ కూజాలు. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి తింటోంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ డబ్బా. అన్నం, నల్లచిక్కుళ్లు. డబ్బాను గడ్డం కిందికి పట్టుకుని, గబగబా, ప్రతి ముద్దకూ ఒకసారి పైన దీపం వెలిగిందేమోనని చూసుకుంటూ తింటోంది. యాభై అయిదేళ్లు ఉంటాయి. ఒక కాలి బూటు సగం విప్పి మడమ పైకి పెట్టుకుంది.

పొద్దున నేను ఎక్కి కూర్చున్నప్పుడు నా కోటు అందుకుని తగిలించింది ఆవిడే. ఇంకా తలుపు మూయకముందే ముందు సీట్లవాళ్లకు తాగడానికి ఏదో ఒకటి ఇస్తారు. నాకు నారింజరసం ఇచ్చింది. అమెరికాలో చాలాకాలం విమాన సిబ్బందికి తలుపు మూసినప్పటి నుంచే జీతం లెక్క మొదలయ్యేది. జనం ఎక్కేటప్పటి గంటకు డబ్బు కట్టడం పెద్ద సంస్థల్లో మొదట డెల్టా 2022లో మొదలుపెట్టింది, అదీ సగం రేటున. అంటే ఎన్నో ఏళ్లపాటు, ఎన్నో విమానాల్లో, స్వాగతమంటూ చేతికిచ్చిన ఆ మొదటి గ్లాసు జీతం లేని నిమిషాల్లో అందించినదే. అతిథులకు చేసిన మొదటి మర్యాద ఎవరి సొంత ఖర్చు మీద జరిగిందో అతిథులకు తెలియలేదు.

ఆవిడ నన్ను చూడలేదనుకున్నాను. నీళ్లు అడగకుండా చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాను.

రెండు నిమిషాలకు నా పక్కన నిలబడి ఉంది, చేతిలో నీళ్ల గ్లాసు. బూటు సరిగా తొడుక్కుంది. పెదవి చివర ఒక అన్నం మెతుకు అంటుకుని ఉంది, ఆవిడకు తెలియదు. "మీరు వచ్చి వెళ్లడం చూశాను, నీళ్ల కోసమే కదా" అంది.

గ్లాసు అందుకుని, "మీ భోజనం అయిందా?" అని అడిగాను.

ఆవిడ కాస్త ఆగింది. ఆ ప్రశ్న తనను కాదేమో అన్నట్టు చూసింది. "ఇంకా లేదండీ" అని నవ్వి, నా పక్క సీటాయన చేతిలో ఖాళీ గ్లాసు చూసి, దాన్ని అందుకుని ముందుకు వెళ్లిపోయింది.